స్వరూప పంపిన మాట

పదిహేడేళ్ళుగా ఒక మెప్పును మోస్తున్నాను. అది నాది కాదు. దొంగిలించిన వస్తువైతే ఎక్కడైనా దాచుకోవచ్చు. మెప్పును దాచలేము. ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళ నోటా అది వినాలి. విని తల వంచుకోవాలి, సిగ్గుపడుతున్నట్టు.

మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు అక్కరలేదు. ఉండేది వరంగల్‌లో. నలభై దాటాయి. భర్త మోటార్ మెకానిక్. ఒక్కతే కూతురు. మా చుట్టాల్లో నాకొక పేరుంది, 'పైసలకు పడని పిల్ల' అని. పెళ్ళీడు ఆడపిల్లలను నా దగ్గరికి తీసుకొచ్చి, మొగుణ్ణి ఎట్లా ఎంచుకోవాలో చెప్పమని అడుగుతారు. నేను చెబుతాను కూడా. మనసు చూడాలి, జేబు కాదు అంటాను. ఎంత నెమ్మదిగా, ఎంత బాగా చెబుతానో. ఆ గొంతు ఎవరిదో అని నాకే అనుమానం వస్తుంది.

జరిగింది జరిగినట్టు చెబుతాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే, అక్కడ నన్ను నమ్మకండి.

అప్పుడు నాకు ఇరవై ఆరు. హనుమకొండలో ఒక దస్తావేజు లేఖరి దగ్గర టైపు చేసేదాన్ని. భూముల అమ్మకం కాగితాలు, అన్నదమ్ముల పంపకాలు, వీలునామాలు. ఆయనను హమీద్ సాబ్ అనుకోండి. పెద్దాయన, మాట తక్కువ. నేను చేరిన రోజు ఒక్కటే చెప్పారు. ఇక్కడ చెయ్యి రాసింది నోరు చెప్పకూడదు అని. మా ఆఫీసు మేడ మీద. కింద, మెట్ల పక్కన చిన్న గదిలో జిరాక్స్ మిషన్. దాన్ని నడిపేది స్వరూప.

స్వరూపకు నత్తి. అన్ని మాటలకూ కాదు. కొన్ని అక్షరాల దగ్గర గొంతు పట్టేసేది. ముఖ్యంగా 'య'. వచ్చిన వాళ్ళు ఆమె మాట సగంలోనే అందుకుని తామే పూర్తి చేసేవాళ్ళు. నేనూ అంతే. ఆమెకు సాయం చేస్తున్నాననుకునేదాన్ని. నాకన్నా రెండేళ్ళు చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. తాను తెచ్చుకున్న సద్దిలో సగం తీసి నాకు పెట్టేది. పెట్టి, నేను తినేదాకా చూసేది.

ఇక యాకయ్య. వరంగల్‌లో అతనిదొక చిన్న దుకాణం. కాలిపోయిన నీళ్ళ మోటార్లకు రాగితీగ మళ్ళీ చుట్టి బాగుచేసేవాడు. నర్సంపేట వైపు రైతులు ట్రాలీల్లో మోటార్లు వేసుకుని వచ్చేవాళ్ళు. పంట వచ్చినంక ఇయ్యి అని పంపేసేవాడు. ఒంటి నిండా వార్నిష్ వాసన, గోళ్ళ సందుల్లో నలుపు. మా ఆఫీసులో ఫ్యాన్ తిరగడం లేదంటే ఒకసారి వచ్చాడు. ఆ ఎండాకాలంలో ఆ ఫ్యాన్ ఆరుసార్లు చెడిపోయింది. రోగం ఫ్యాన్‌కు కాదమ్మా, మెకానిక్‌కు అన్నారు హమీద్ సాబ్. వచ్చిన ప్రతిసారీ ఒక బోల్టు వదులుగా వదిలిపెట్టి వెళ్ళేవాడని పెళ్ళయ్యాక తనే ఒప్పుకున్నాడు.

పైకి వచ్చేముందు కింద స్వరూప దగ్గర ఆగేవాడు. ఆమెకు అన్నిటికన్నా కష్టమైన మాట అతని పేరే. 'యా' దగ్గరే ఆగిపోయేది. మెడ నరాలు బిగిసేవి. అతను నిలబడేవాడు. గడియారం చూసేవాడు కాదు, ముఖం పక్కకు తిప్పేవాడు కాదు, ఆమెకు మాట అందించేవాడు కాదు. పూర్తిగా పలికాక, ఆ, చెప్పు అనేవాడు, అప్పుడే పిలిచినట్టు. ఆమె మాటను ఆమె నోటితోనే ముగియనిచ్చిన మనిషి, నాకు తెలిసి, అతనొక్కడే. ఇది నేను మెట్ల మీద నిలబడి ఎన్నోసార్లు చూశాను. ఇది చూసిన దాన్ని నేను. దీన్ని గుర్తుపెట్టుకోండి.

వానలు మొదలైన రోజుల్లో నన్ను అడిగాడు. నిచ్చెన మీద నిలబడి, ఫ్యాన్ రెక్క పట్టుకుని, కిందకు చూడకుండా అడిగాడు, నన్ను చేసుకుంటావా అని. నవ్వాను. మంచి నవ్వు కాదు అది. ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించడానికి ఏమీ లేదు, వద్దనే నా మనసులో ఉంది. రేకుల ఇల్లు, అందులో అతని తల్లి, చెల్లెలు, తమ్ముడు. పంట వచ్చాక ఇవ్వమనే బేరాలు. నాకు హనుమకొండలో బాల్కనీ ఉన్న ఇల్లు కావాలి. మరి అప్పుడే వద్దని ఎందుకు చెప్పలేదు? ఒక మనిషి మన కోసం మంచి ఫ్యాన్‌ను చెడగొట్టి మరీ వస్తుంటే అది బాగుంటుంది. అంతే. వద్దనుకున్నది పైకి చెప్పకుండా, అతన్ని నిచ్చెన మీదే నిలబెట్టి రెండు వారాలు గడిపాను.

ఆ రెండో వారంలో ఒక మధ్యాహ్నం స్వరూప సద్దిగిన్నె మూసేసి నా వైపు తిరిగింది.

"అక్కా, నీకు ఇష్టం లేదని నాకెర్కే. లేకుంటే లేదని ఆయనకు చెప్పరాదు. చెప్పి, నేనున్ననని గూడ చెప్పు. నేనే చెప్పుకుందామంటే ఆయన పేరుకాడ్నే ఆగిపోత."

చివరి మాట అని తనే నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె చెయ్యి పట్టుకుని, రేపే చెబుతానన్నాను. నిజంగానే చెబుదామనుకున్నాను. ఆ రోజు సాయంత్రం బస్సులో నిలబడి ఎట్లా చెప్పాలో మాటలు కూడా సరిచూసుకున్నాను. వాళ్ళిద్దరికీ బాగుంటుందనిపించింది. ఆ ఒక్క సాయంత్రం నేను మంచిదాన్నే. ఇప్పుడు చూసుకుంటే, నా మంచితనానికి ఖర్చు లేదు కనుక మంచిదాన్నేమో.

మర్నాడు పొద్దున ఒక ముసలమ్మ వచ్చింది. నర్సంపేట అవతల పల్లె. రెండు బస్సులు మారి వచ్చింది. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పట్టాదారు పాస్‌బుక్, తోడు ఇద్దరు సాక్షులు. పిల్లలు లేరు, భర్త పోయాడు. నాలుగెకరాల చెల్క, రాళ్ళ భూమి. తన తర్వాత చెల్లెలి కొడుక్కి చెందాలని వీలునామా రాయించుకోవడానికి వచ్చింది. హమీద్ సాబ్ చెబుతుంటే నేను టైపు చేస్తున్నాను. ఆయన పేరు చెప్పారు, తండ్రి పేరు చెప్పారు, వరంగల్‌లో మోటార్ల పని అని చెప్పారు. నా వేళ్ళు ఆగిపోయాయి. ఏమైందమ్మా అని అడిగారు. అక్షరం తప్పు పడింది సార్ అన్నాను.

ఆ సర్వే నంబరు నాకు తెలుసు. దాని చుట్టుపక్కల భూముల అమ్మకం కాగితాలు ఆ నెలలోనే కొన్ని టైపు చేసి ఉన్నాను. అటు కొత్త రోడ్డు పడుతోందని రాళ్ళు పాతారు. హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చి కొంటున్నారు. ఆ రాళ్ళ భూమి విలువ ముసలమ్మకు తెలియదు. నాకు తెలుసు. ఆ గదిలో బహుశా నాకూ హమీద్ సాబ్‌కూ మాత్రమే తెలుసు.

వేలిముద్ర వేసి, సిరా కొంగుకు తుడుచుకుంటూ ముసలమ్మ చెప్పింది. "వానికి తెల్వనియ్యకుండ్రి సారూ. తెలిసిందనుకో, భూమి కోసం పెద్దమ్మ సుట్టూ తిరుగుతాండని నలుగురు అంటరని సిగ్గుపడి నా దిక్కే రాడు. నేను పోయినంక తెలుస్తది తియ్యి."

హమీద్ సాబ్ తల ఊపారు. నేనూ ఊపాను.

ఆ సాయంత్రమే నేను యాకయ్య దుకాణానికి వెళ్ళాను. అక్కడికి వెళ్ళడం అదే మొదటిసారి. అతను నేల మీద కూర్చుని తీగ చుడుతున్నాడు. గుమ్మంలో నిలబడి సరే అన్నాను. ఏం సరే అన్నాడు. నువ్వడిగిందానికి అన్నాను. చేతిలోంచి తీగ చుట్ట జారిపోయింది. అది విప్పుకుంటూ, దొర్లుకుంటూ గుమ్మం దాటి రోడ్డు మీదకు పోయింది. ఒక ఆటో దాని మీదుగా వెళ్ళింది. ఇద్దరం వంగి, తీగను ఏరుకుంటూ, వచ్చే బండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంటూ రోడ్డంతా నడిచాం. చూసేవాళ్ళకు పిచ్చివాళ్ళలా కనిపించి ఉంటాం. నిజం చెప్పాలంటే నాకు కూడా ఆ కాసేపు సంతోషంగానే ఉంది. ఎందుకు సంతోషంగా ఉన్నానో మాత్రం అతనికి తెలియదు.

చుట్ట మళ్ళీ చేతికి వచ్చాక అడిగాడు. "నా దగ్గర ఏం లేదు. తెల్సుగద?"

"నాకేం గావాలె. నువ్వున్నవ్ గద," అన్నాను.

ఈ మాటను అతను ఆ తర్వాత పదిహేడేళ్ళు ఊరంతా చెప్పాడు.

మర్నాడు పొద్దున మెట్ల దగ్గర స్వరూప నా కోసం చూస్తోంది. ఇప్పుడు వచ్చేదే నేను చెప్పవలసింది. ఇంతవరకు చెప్పినదంతా దీన్ని ఆలస్యం చేయడానికే చెప్పానేమో.

నేను అతనికి సరే చెప్పానని ఆమెతో అనవచ్చు. బాధపడేది, అంతే. కానీ నేను అతన్ని వద్దనుకున్నానని ఈ లోకంలో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. నిన్నటిదాకా వద్దన్నదానివి రాత్రికి రాత్రి ఏమైంది అక్కా అని ఆమె అడిగితే? అడుగుతుంది. అమాయకంగానే అడుగుతుంది. ఒకసారి అడిగితే మళ్ళీ ఒక రోజు, వీలునామా బయటపడ్డ రోజు, ఆ ప్రశ్న ఆమెకే గుర్తొస్తుంది. కాబట్టి ఆమె అడగకూడదు. నన్నూ అతన్నీ కూడా ఏమీ అడగకూడదు. బస్సులో కూర్చుని ఇదంతా ఆలోచించాను. ఇరవై ఆరేళ్ళ దాన్ని, చేతిలో టిఫిన్ డబ్బా, బయట వాన. ఒక మనిషి నోరు ఎట్లా మూయాలో అంత చల్లగా ఆలోచించాను.

"చెప్పిన స్వరూపా," అన్నాను. "నువ్వంటే జాలేనట. నీ మాట అయిపోయేదాక ఆగాలంటే విసుగొస్తదట. ఇన్ని దినాలు మొఖం మీద చెప్పలేక నిలబడ్డడట."

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. ఇది నత్తి కాదు, నాకు తేడా తెలుసు. అప్పుడే ఎవరో వచ్చి రేషన్ కార్డు కాపీలు అడిగారు. ఆమె కాగితం తీసుకుని మిషన్ మీద పెట్టింది. మూత కింద నుంచి వెలుతురు ఒకసారి ఇటు నుంచి అటు వెళ్ళింది. నేను మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాను. ఆ రోజు తప్పులు లేకుండా టైపు చేశాను. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రెండు నెలలకు పెళ్ళయింది. స్వరూప వచ్చింది. యాకయ్య పందిట్లోంచి చూసి, దా స్వరూపా, ఫోటో దిగు అని పిలిచాడు. దూరం నుంచే చేతులు జోడించి వెళ్ళిపోయింది. హమీద్ సాబ్ వచ్చారు. యాకయ్య తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు దీవించారు. నా వైపు ఒక్కసారి చూశారు. ఆ నెలాఖరులో, ఇక సంసారం చూసుకో అమ్మా, పనికి రానక్కరలేదు అన్నారు. ఎందుకో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. కొన్నేళ్ళకు పోయారు. ఆయన నోరు ఆయన చెప్పినట్టే మూసి ఉంచుకున్నారు.

మరుసటి ఏడాది ముసలమ్మ పోయింది. వీలునామా బయటకు వచ్చింది. అప్పటికి రోడ్డు పడింది. ఎవరికీ నా మీద అనుమానం రాలేదు, ఎట్లా వస్తుంది? ఏమీ లేనివాణ్ణి చేసుకున్న పిల్లకు లక్ష్మి తనంతట తాను నడిచి వచ్చిందన్నారు. యాకయ్య మాత్రం పెద్దమ్మ కోసం పది రోజులు ఏడ్చాడు. భూమి అమ్మిన రోజు కూడా ఏడ్చాడు.

ఆ తర్వాత ఇవ్వడం మొదలుపెట్టాడు.

ఇక నవ్వుకోండి. నేను ఏ డబ్బు కోసం అంత పని చేశానో ఆ డబ్బు నా కళ్ళ ముందే చిన్నగా జారిపోవడం మొదలైంది, నా నోరు నేనే కుట్టేసుకుని కూర్చున్నాను. బాగుచేయడానికి రాని మోటార్లు తెచ్చిన రైతులకు కొత్తవి కొనిచ్చాడు. కూరగాయలమ్మే ముసలమ్మలు ఎండలో కూర్చున్నారని ఒక్కొక్కరికీ పెద్ద గొడుగు పంచాడు. నాకు బంగారు గొలుసు తెచ్చి, అదే గొలుసు చెల్లెలికీ, తమ్ముని భార్యకీ తెచ్చాడు. ఎవరైనా, నీ భార్య ఏమనదా అని అడిగితే నన్ను చూపించి మొదలుపెట్టేవాడు. నా దగ్గర ఏం లేనప్పుడు వచ్చి సరే అన్న మనిషి, పైసలంటే ఆమెకు లెక్కే లేదు, ఆమె ధైర్యంతోనే ఇస్తాన అని. చుట్ట రోడ్డు మీద దొర్లడం దగ్గర అందరూ నవ్వేవాళ్ళు. 'నాకేం గావాలె' దగ్గర ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

వద్దు అనడానికి నాకు దారేది? ఒకసారి అన్నాను, మన కోసం కూడా కొంచెం ఉంచుకుందామని. వేళాకోళం చేస్తున్నాననుకుని గట్టిగా నవ్వాడు. ఇంకొకసారి, ఎవరి పెళ్ళికో ఇచ్చేస్తాడని భయపడి నా గొలుసు కారం డబ్బాలో దాచి, పోయిందని చెప్పాను. అయ్యో అని నాకు కొత్త గొలుసు కొనిచ్చాడు. నెల తర్వాత తను పప్పులోకి కారం వేయబోతే చెంచాకు పాత గొలుసు తగులుకుని వచ్చింది, అతని చేతికే. దేవుడు తిరిగి ఇచ్చాడంటే ఎవరికో ఇవ్వమనే కదా అని, పాలు పోసే ఆమె కూతురి పెళ్ళికి ఇచ్చేశాడు. గొలుసు దులిపిన కారానికి వారం రోజులు ఇల్లంతా తుమ్ములు. ఆ తుమ్ముల చాటున కొంచెం ఏడ్చాను.

హనుమకొండలో ఒక స్థలం చూసుకున్నాను. బాల్కనీ ఎటువైపు రావాలో కూడా కాగితం మీద గీసుకున్నాను. అడ్వాన్స్ ఇచ్చాం. ఆ ఏడాది వాగులు పొంగి పల్లెల్లో మోటార్లన్నీ నీళ్ళలో మునిగిపోయాయి. అతను వెళ్ళి అడ్వాన్స్ వెనక్కి తీసుకుని ఆ మోటార్లకు పెట్టేశాడు. నేను ఎనిమిది రోజులు మాట్లాడలేదు. రైతుల కష్టం చూసి నేను అట్లా అయిపోయాననుకున్నాడు. తనే వంట చేశాడు. ఉప్పు వేసిన సంగతి మరిచి మళ్ళీ వేసేవాడు. మనసు తేలికపడుతుందని తొమ్మిదో రోజు బండి మీద ఎక్కించుకుని ఒక పల్లెకు తీసుకెళ్ళాడు. అక్కడ బురదలో బోర్లా పడుకుని, మోచేతి దాకా చెయ్యి మోటార్లో పెట్టి, ఎవరో ముసలాయన ఏదో అంటే నవ్వుతున్నాడు. నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను. ఆ నవ్వు చూస్తుంటే కోపం ఎక్కడికి పోయిందో పోయింది. ఈ మనిషి మీద నాకు ప్రేమ కలిగింది. నా భర్త మీద. పెళ్ళయిన మూడేళ్ళకు.

అది మంచి వార్త కావాలి కదా? నాకు మాత్రం కాలేదు. అప్పటిదాకా నిజం తెలిస్తే డబ్బు పోతుందని భయం. ఆ రోజు నుంచి అతను పోతాడని భయం.

ఆ తర్వాత ఐదారేళ్ళకు డబ్బు దాదాపు అయిపోయింది. దుకాణం ఉంది, రెండు గదుల స్లాబు ఇల్లు ఉంది, కూతురి చదువు ఉంది. బాల్కనీ లేదు. దాని గురించి ఇప్పుడు బాధ లేదు, నిజంగా. బాధ ఇంకొకటి.

స్వరూప పెళ్ళి చేసుకోలేదు. నా వల్ల కాదు అనాలని ఉంది. అనే హక్కు నాకు లేదు. ఒకసారి ఏదో పని మీద అటు వెళితే చూశాను. ఆమె బల్ల మీద ఒక అట్టముక్క. దాని మీద వరసగా రాసి ఉంది: ఎన్ని కాపీలు, రెండు వైపులా, పెద్దది చేయాలా. వచ్చిన వాళ్ళకు దాని మీద వేలు పెట్టి చూపిస్తోంది. నోటితో అడగడం మానేసింది. పక్క సందులోకి తిరిగి నడిచాను. ఆమె నన్ను చూడలేదు.

యాకయ్య ఆమెకు రంగుల జిరాక్స్ మిషన్ కొనిపెడతానన్నాడు. చేతులు జోడించి పంపేసింది. నాతోని మంచిగుండేది, ఏం తప్పు చేసిన్నో ఏమో అని ఏడాదికి ఒకసారైనా నా దగ్గర అనేవాడు. అందరూ ఒక్క తీరుగ ఉంటరా అనేదాన్ని. అంత తేలిక. ఒక అబద్ధం చెప్పడానికి బస్సులో ముప్పావు గంట ఆలోచించినదాన్ని, దాన్ని నిలబెట్టడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

పోయిన చలికాలంలో స్వరూప మా ఇంటికి వచ్చింది. ఎన్నడూ రానిది. మధ్యాహ్నం, ఇంట్లో నేనొక్కదాన్నే. జిరాక్స్ మూసేసిందట. వాళ్ళ తమ్ముడు డోర్నకల్‌లో రైల్వేలో పని, అక్కడికే వెళ్ళిపోతోందట. చాయ్ పెడతానంటే వద్దంది. కూర్చోలేదు.

"పొయ్యేముంగట ఒక్క మాట అక్కా. ఆయనకు చెప్పు, నాకు కోపం లేదని. గప్పుడు ఆయన ఉన్నదే అన్నడు. అందుల తప్పేం లేదు. నేనే ఇన్నేండ్లు మొఖం తప్పించిన. మనసుల పెట్టుకోవద్దని చెప్పు. నువ్వైతే మంచిగ చెప్తవ్."

ఈ నాలుగు మాటలకు చాలాసేపు పట్టింది. నేను మొదటిసారి ఆమె మాటను అందుకోలేదు. గోడకు ఆనుకుని నిలబడి మొత్తం విన్నాను. అనని మాటకు ఆమె అతన్ని క్షమిస్తోంది. ఆ క్షమను మోసుకుపొమ్మని, మళ్ళీ నా చేతికే ఇస్తోంది. అప్పుడైనా చెప్పాలి కదా? ఆమె గుమ్మం దిగింది. వీధి చివరిదాకా వెళ్ళింది. ఆటో ఎక్కింది. నేను గోడకు ఆనుకునే ఉన్నాను.

ఆ సాయంత్రం యాకయ్యకు, స్వరూప ఊరు విడిచి వెళ్ళిందని మాత్రం చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. నాకు ఒక్కమాట గూడ చెప్పకుండనా అన్నాడు. ఆ మాట అతను మా అమ్మాయి వైపు చూస్తూ అన్నాడు, ఆమెకేదో తెలిసినట్టు. మిగిలిన అన్నం తినలేదు.

రెండు నెలలు నిద్ర పట్టినట్టు పడుకున్నాను, లేచాను. ఒక పొద్దున, ఎందుకో ఆ రోజే, స్టేషన్‌కు వెళ్ళి డోర్నకల్‌కు టికెట్ తీసుకున్నాను. అక్కడ అడుగుతూ వెళితే స్వరూప, తమ్ముని రైల్వే క్వార్టర్ ముందు కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నిలబడే చెప్పాను. వీలునామా, దుకాణం, మెట్ల దగ్గర చెప్పిన మాట. ఆయన ఆ మాట అనలేదని, నేనే కల్పించానని. అసలు ఆమె పంపిన మాట ఆయనకు ఏనాడూ చేరలేదని. ఒలుస్తున్న చేతులు మొదట ఆగలేదు. తర్వాత ఆగాయి.

"అయితే ఆయన అన్లేదా?"

"అన్లేదు."

"ఒక్కసారి గూడ?"

అనలేదని చెప్పాను. ఆమె మాట కోసం నిలబడడం ఆయనకు ఎన్నడూ కష్టమనిపించలేదని, మెట్ల మీద నుంచి నేను చూసేదాన్నని, నాకు తెలిసే అన్నానని చెప్పాను. ఆమె చిక్కుడు తొక్కలు ఏరి ఒక పక్కకు చేసింది. నాకు తిట్లు కావాలనిపించింది. తిడితే ఏదో కొంత చెల్లుతుందని నా ఆశ. అక్కడ కూడా ఆశే.

"ఆయనకు చెప్పినవా?" అంది చివరికి.

లేదన్నాను.

"చెప్పు. మాఫ్ చేసుడు సంగతి నన్నడగకు. ఆయనకు చెప్పు."

లేచి, చాట తీసుకుని లోపలికి వెళ్ళింది. తలుపు వేయలేదు. నేను అరుగు అంచున కూర్చున్నాను, రైలు వేళయ్యేదాకా. లోపల గిన్నెల చప్పుడు వినిపించింది. ఎవరూ బయటకు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం సద్ది తీసుకుని దుకాణానికి వెళ్ళాను. ఇంట్లో అయితే అమ్మాయి ఉంటుంది. అతను చేతులు కడుక్కుని డబ్బా మూత తీశాడు. తినడం మొదలుపెట్టకముందే మొదలుపెట్టాను. ఆపితే మళ్ళీ చెప్పలేనని ఆపకుండా చెప్పాను. కారం డబ్బా గొలుసు కూడా చెప్పాను. ఎందుకో అది కూడా చెప్పాలనిపించింది. అతను మధ్యలో ఒక్క మాట కూడా అడగలేదు. మాట పూర్తయ్యేదాకా ఆగడం అతనికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు కదా. నేను ముగించాక డబ్బా మూత పెట్టాడు. సరిగా పట్టలేదు, తీసి మళ్ళీ పెట్టాడు.

"పెద్దమ్మ గా కాయిదం రాయించకపోతే, నన్ను వద్దంటుంటివా?"

ఒక్కటే అడిగాడు. స్వరూప గురించి కాదు, భూమి గురించి కాదు. నాకు చాలా జవాబులు కనిపించాయి. తెలియదు అనవచ్చు. పదిహేడేళ్ళ కాపురం చేసినదాన్ని, ఆనాటి పిల్ల ఏమనేదో నాకెట్లా తెలుసు అనవచ్చు, అది పూర్తి అబద్ధం కూడా కాదు. ఇప్పుడు నువ్వంటే ప్రాణం అనవచ్చు. అది నిజం. కానీ అతను అడిగింది అది కాదు.

"అంటుంటి," అన్నాను.

తల ఊపాడు. పక్కన ఉన్న మోటార్ దగ్గరికి జరిగి, దాని మూత విప్పడం మొదలుపెట్టాడు. నేను ఇంటికి వచ్చేశాను.

ఇది జరిగి మూడు వారాలు. ఇంటికి వస్తాడు, తింటాడు, అమ్మాయితో నవ్వుతాడు. నాతో అవసరమైనంతే. కేకలు లేవు. కేకలు ఉంటే బాగుండేది. పోయిన ఆదివారం పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని డోర్నకల్ వెళ్ళొస్తానన్నాడు. నేను వద్దనలేదు, వస్తాననలేదు. సాయంత్రానికి తిరిగి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని అన్నం పెట్టమన్నాడు. అక్కడ ఆమె ఏమందో, అది అనడానికి ఎంతసేపు పట్టిందో, ఈయన ఏమన్నాడో నాకు తెలియదు. అడగలేదు, అడగను కూడా. వాళ్ళిద్దరి మధ్య నేను లేకుండా ఒక మాట నడిచిందంటే, అది ఇదే మొదటిసారి.

క్షమించారా లేదా అని మీరు అడుగుతారేమో. లేదు. ఇంకా లేదో, ఎప్పటికీ లేదో తెలియదు. అతను ఉంటాడో, వెళ్ళిపోతాడో తెలియదు. ఇంత తెలియకపోయినా, ఆ రోజు దుకాణం నుంచి నడిచి వస్తుంటే, మార్కెట్ దగ్గర మలుపులో నాకు విపరీతంగా ఆకలి వేసింది. నిలబడి, ఒక బండి దగ్గర రెండు మిర్చి బజ్జీలు కొనుక్కుని తిన్నాను. భర్త మనసు విరిచి వచ్చిన పది నిమిషాలకు. సిగ్గు వేసింది. అయినా మొత్తం తిన్నాను. చాలా ఏళ్ళ తర్వాత నోటికి రుచి తెలిసింది.